సభలో పలికినది, రికార్డులో మిగిలినది: జైపాల్ రెడ్డి పార్లమెంటరీ కృషి – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: సూదిని జైపాల్ రెడ్డిని గొప్ప వక్తగా కీర్తించడం తెలుగు రాజకీయ వ్యాసాలలో స్థిరపడిపోయింది. ఆయన కృషిని శాసనసభా నియమాలు, రికార్డు అనే రెండింటి వెలుగులో చదివితే మరికొంత క్లిష్టమైన చిత్రం కనిపిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: జైపాల్ రెడ్డి, లోక్‌సభ, చేవెళ్ల, ప్రసార భారతి, నియమం 367, రాష్ట్ర పునర్విభజన.

తెలుగు ప్రాంతాల నుంచి పార్లమెంటుకు వెళ్లిన వక్తలను గురించి రాసేటప్పుడు మన విమర్శ తరచుగా వాగ్ధాటి దగ్గరే ఆగిపోతుంది. జైపాల్ రెడ్డి (1942–2019) విషయంలో ఇది మరీ ఎక్కువ. ఆయన ఆంగ్ల పదసంపద, చమత్కారం, 1998లో లభించిన ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం, ఈ మూడింటిని చెప్పి ముగించిన వ్యాసాలే అధికం. ఉస్మానియాలో ఆంగ్ల సాహిత్యం చదివిన మనిషి సభలో ఆంగ్లం బాగా మాట్లాడటంలో వింత లేదు. ఆయన సభను ఏ వ్యవస్థగా భావించారన్నది అడగవలసిన ప్రశ్న.

ఆయన 1969 నుంచి కల్వకుర్తి శాసనసభ్యులు. అత్యవసర పరిస్థితి అనంతరం కాంగ్రెస్‌ను వీడి జనతా పక్షాన నిలిచారు. 1980లో మెదక్‌లో ఇందిరాగాంధీపై పోటీచేసి ఓడిపోయారు. 1984లో మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు వెళ్లేనాటికి అధికారపక్షం బలం 400 దాటింది. అంత మెజారిటీ ముందు ప్రతిపక్ష సభ్యుడికి మిగిలేది ప్రశ్న, నియమం, రికార్డు మాత్రమే. బోఫోర్స్ వివాదం 1987లో బయటపడినప్పుడు ప్రతిపక్షం వైపు ప్రముఖంగా వినిపించిన గొంతుల్లో ఆయనది ఒకటి. సంయుక్త పార్లమెంటరీ కమిటీ ఏర్పాటైనా, దాని అధికారాలు చాలవంటూ ప్రధాన ప్రతిపక్షాలు బహిష్కరించాయి. కార్యనిర్వాహక వర్గం పార్లమెంటుకు జవాబుదారీగా ఉండాలన్నదే అప్పటి వాదన సారం. 1991–92లో రాజ్యసభలో ప్రతిపక్ష నాయకుడిగా ఉన్నప్పుడూ ఆయన స్థానం ఇదే.

ఈ నేపథ్యంలో 1997ను జాగ్రత్తగా చదవాలి. 1990 నాటి ప్రసార భారతి చట్టాన్ని పార్లమెంటు ముందుకు తెచ్చిన మంత్రి పర్వతనేని ఉపేంద్ర. ఏడేళ్లు కాగితంమీదే పడివున్న ఆ చట్టాన్ని 1997 సెప్టెంబరు 15న అమలులోకి తెచ్చిన మంత్రి జైపాల్ రెడ్డి. ఆకాశవాణి, దూరదర్శన్‌లను ప్రభుత్వ శాఖ చేతిలోంచి తప్పించిన ఈ చర్య ఆయన ప్రజాజీవితంలో అతి విలువైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అధికారంలో ఉన్నవారు తమ చేతిలోని ప్రచారసాధనాన్ని తామే వదులుకోవడం మన దేశంలో అరుదు. అయితే ఆ చట్టంలోని 13వ సెక్షన్ 22 మంది పార్లమెంటు సభ్యులతో (లోక్‌సభ నుంచి 15, రాజ్యసభ నుంచి 7) ఒక పర్యవేక్షక కమిటీని నిర్దేశించింది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన ఆర్డినెన్సు ఆ కమిటీని తొలగించింది. రాజకీయ నాయకుల జోక్యం లేకుండా చూడటమే స్వయంప్రతిపత్తి అన్న తర్కం దీని వెనుక ఉంది. ఆ తర్కంలో బలం లేదనలేం. కానీ పార్లమెంటు పర్యవేక్షణ వద్దన్న నిర్ణయం పార్లమెంటులో చర్చకు రాకుండానే వెలువడింది. పదేళ్ల ముందు కమిటీకి అధికారాలు చాలవని వాదించిన పక్షానికి చెందిన మంత్రి ఈసారి కమిటీనే పక్కన పెట్టారు. ఆ ఆర్డినెన్సు చట్టంగా మారలేదు. తరువాతి ప్రభుత్వం 1998లో దానికి విరుగుడుగా మళ్లీ ఆర్డినెన్సు దారినే పట్టింది.

రెండవ సందర్భం శంషాబాద్‌కు నేరుగా తగులుతుంది. నియోజకవర్గాల పునర్విభజనలో కొత్తగా ఏర్పడిన చేవెళ్ల లోక్‌సభ స్థానం నుంచి 2009లో ఆయన గెలిచారు. రాజేంద్రనగర్ సెగ్మెంటులోని శంషాబాద్ దీనిలో భాగం. అక్కడ సుమారు 5,500 ఎకరాలలో నిర్మించిన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం అంతకు ఏడాది ముందు, 2008 మార్చిలో మొదలైంది. ఆ సభ్యుడి పదవీకాలమంతా హైదరాబాద్ ఎవరిదన్న వివాదం నడిచింది. శ్రీకృష్ణ కమిటీ సూచించిన ఆరు మార్గాలలో ఒకటి విస్తరించిన హైదరాబాద్‌ను కేంద్రపాలిత ప్రాంతం చేయడం; దానికి మహబూబ్‌నగర్ మీదుగా కర్నూలు జిల్లాతో భౌగోళిక అనుసంధానం చూపారు. హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్లే జాతీయ రహదారి శంషాబాద్ గుండానే సాగుతుంది. ఆ మార్గాన్ని ఎంచుకొని ఉంటే విమానాశ్రయం చుట్టుపక్కల గ్రామాలు ఏ ప్రభుత్వం కిందికి వచ్చేవో ఊహించడం కష్టం కాదు.

చివరకు బిల్లు 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో ఆమోదం పొందింది. 3వ అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ అభిప్రాయం కోరితే చాలు, అంగీకారం అక్కరలేదు. జనవరి 30న రాష్ట్ర శాసనసభ తిరస్కరించినా బిల్లు ఆగలేదు. ఫిబ్రవరి 13న సభలో పెప్పర్ స్ప్రే చల్లిన ఘటన తరువాత సీమాంధ్ర సభ్యులు పలువురు సస్పెండయ్యారు. 18న తలుపులు మూసి, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన వేళ, నినాదాల మధ్య బిల్లును సమర్థిస్తూ మాట్లాడిన కొద్దిమందిలో జైపాల్ రెడ్డి ఉన్నారు. సభ్యులు డివిజన్ కోరినప్పుడు సభాపతి తలల లెక్కింపును ఆశ్రయించారు. దీనికి ఆధారం లోక్‌సభ నియమం 367(3): డివిజన్ అనవసరంగా కోరుతున్నారని సభాపతి భావిస్తే, అనుకూలురను, వ్యతిరేకులను నిలబెట్టి లెక్కించి ఫలితం ప్రకటించవచ్చు. ఈ నియమాన్ని వెతికి చూపింది తానేనని ఆయన తరువాత ఇంటర్వ్యూలలో చెప్పారు.

ఆ నియమంలోనే మరొక వాక్యం ఉంది. ఇలా లెక్కించినప్పుడు ఓటు వేసినవారి పేర్లు నమోదు కావు.

సభ్యులు తమ స్థానాల్లో కూర్చోకపోతే యంత్రం ద్వారా ఓటింగు అసాధ్యం; డివిజన్ కోరడమే అడ్డుకునే ఎత్తుగడ అయినప్పుడు ఆ నియమం తప్ప దారి లేదన్న వాదన న్యాయమైనదే. నియమం ఉంది, దాన్ని వాడుకోవడం చట్టబద్ధం. ఉండవల్లి అరుణ్‌కుమార్ తన ‘విభజన కథ’లో అదే రోజును పూర్తిగా ఎదురు దిక్కు నుంచి చదివారు. ఈ రెండు పఠనాలను పక్కపక్కన పెట్టి, రికార్డుతో సరిచూసే పరిశోధన తెలుగులో అవసరం. 122వ అధికరణం ప్రకారం సభా కార్యక్రమాల చెల్లుబాటును పద్ధతి లోపం కారణంగా న్యాయస్థానంలో ప్రశ్నించడానికి వీలులేదు గనుక, ఇటువంటి వివాదాలకు సభ రికార్డే మిగిలే సాక్ష్యం. 2022 ఫిబ్రవరిలో రాజ్యసభలో ప్రధాని ఆ ఆమోదం తీరును తప్పుపట్టినప్పుడు తెలంగాణలో పెద్ద నిరసన రేగింది. ఆ నిరసనలో లేనిది ఒక్కటే, పేర్ల జాబితా.

ఆయన పార్లమెంటరీ కృషిని తూచేవారు ప్రసంగాలతో పాటు ఈ రెండు సందర్భాలనూ లెక్కలోకి తీసుకోవాలని ఈ వ్యాసకర్త భావన. వీటిని వైరుధ్యం అని కొట్టిపారేయలేం. ఆయనకు నియమాలు కంఠస్థం. అందుకే చర్చకు దారి మూసుకుపోయిన చోట నియమమే దారి చూపింది. కానీ నియమంతో సాధించిన ఫలితానికి సాక్ష్యం తక్కువ. శంషాబాద్ ఓటరు తన సభ్యుడి వైఖరిని ఆ రోజు ప్రసంగం ద్వారా ఇవాళ్టికీ చదువుకోగలడు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు ఉన్న 42 స్థానాలలో మిగిలినవారిలో ఎవరు ఎటు నిలబడ్డారో ఆ లెక్కింపు చెప్పదు.