ఆనిస్తే చాలు

గజపతినగరంలో సాలూరు వైపు పోయే పెద్ద రోడ్డు పక్క పెట్రోలు బంకు. ముందు ఒక లారీ, వెనక రెండు బళ్లు. పాత అలవాటు కొద్దీ కార్డు తీసి మిషన్ గాడిలో గీకబోతుంటే బంకు కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "గీకక్కర్లేదు మేష్టారూ, ఇలగ ఆనిచ్చీండి సాలు." ఆనించాను. మిషన్ ఒక్క కూత కూసింది, చీటీ బయటికొచ్చింది. వెనక బండి మీద మనవడితో వచ్చిన పెద్దావిడ ఇదంతా చూసింది. "పిన్ను కొట్టకుండానే డబ్బులెల్లిపోతే, కార్డు ఎవుడికైనా దొరికితే ఏటి బాబూ గతి?" అని అడిగింది. కుర్రాడు చెప్పలేకపోయాడు. నేనూ చెప్పలేకపోయాను.

ఆ ప్రశ్న పట్టుకుని ఆ కార్డు లోపలికి వెళ్లి చూశాను. చూసినకొద్దీ దాన్ని చేసిన చేతుల మీద గౌరవం పెరిగింది.

పొడవు 85.6 మిల్లీమీటర్లు, వెడల్పు 54కి రవ్వంత తక్కువ, మందం 0.76. ఏ దేశపు బ్యాంకు కార్డయినా ఇదే కొలత. లేత రంగు కార్డును చీకట్లో గట్టి టార్చి లైటుకు అడ్డం పెట్టండి. కొన్ని కార్డుల్లో అంచుల వెంబడి సన్నని తీగ చుట్లు చుట్లుగా తిరగడం నీడలా కనబడుతుంది. ప్లాస్టిక్ పొరల మధ్య పొదిగిన యాంటెన్నా అది. జేబులో వంగి, చెమటకు తడిసి, ఏళ్ల తరబడి తెగకుండా ఉండాలి. ఎక్కడైనా తెగిందంటే ఆనించడం పనిచేయదు. కానీ అదే కార్డును మిషన్‌లో దూర్చి పిన్ను కొడితే డబ్బు కట్టొచ్చు. ఒక దారి పోయినా రెండోది నిలుస్తుంది.

ఈ కార్డులో బ్యాటరీ లేదు. మిషన్ తన చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని సెకనుకు 1,35,60,000 సార్లు అటూ ఇటూ మారుస్తూ ఉంటుంది. మారే అయస్కాంత క్షేత్రంలో తీగ చుట్ట ఉంటే అందులో కరెంటు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లోనే చూపించాడు. ఆ కాస్త కరెంటుతోనే చిప్పు మేలుకుంటుంది. అయితే ఊరికే మేలుకోదు, శ్రుతి కలవాలి. మాకు దగ్గర్లోని బొబ్బిలిలో పనస దుంగ తొలిచి వీణ చేసేవాళ్లను అడిగితే చెబుతారు: ఒకే శ్రుతిలో ఉన్న రెండు తీగల్లో ఒకటి మీటితే రెండోది దానంతటదే కదులుతుంది. ఈ చుట్టను కూడా మిషన్ వేగానికి దగ్గరగా అలాగే శ్రుతి చేసి పెట్టారు. దూరం పెరిగితే ఆ క్షేత్రం చప్పున సన్నగిలిపోతుంది. సుమారు నాలుగు సెంటీమీటర్ల లోపల ఉంటేనే మాట కలుస్తుంది. పర్సులో రెండు కార్డులు పక్కపక్కన తగిలితే మిషన్ ఏదో ఒకదాన్ని ఎంచుకోదు, ఒక్క కార్డే చూపించమంటుంది.

ఇక కార్డు జవాబు చెప్పే తీరు. దానికి సొంతంగా కేక వేసే శక్తి లేదు. మిషన్ ఇచ్చే కరెంటును ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ లాగుతుంది. నూతిలోకి చేద వదిలినవాళ్లకు అది నిండిందో లేదో చేంతాడు బరువే చెబుతుంది కదా, మిషన్ కూడా ఆ లాగుడు తేడాను బట్టే కార్డు మాట చదువుకుంటుంది. కార్డుకూ మిషన్‌కూ మధ్య ఈ సంభాషణంతా అర సెకనులో ముగిసిపోవాలని నియమం.

అసలు పనితనం ఆ మాటలో ఉంది. వెనకటి నల్ల పట్టీ కార్డు ఎక్కడ గీకినా అవే అంకెలు అప్పజెప్పేది. ఒకసారి కాపీ కొట్టినవాడు మరో కార్డు చేసుకునేవాడు. అందుకే రిజర్వ్ బ్యాంకు 2018 డిసెంబరు 31 గడువు పెట్టి, ఆ కార్డుల స్థానంలో చిప్పు కార్డులు ఇమ్మంది. చిప్పు లోపల ఒక రహస్య సంఖ్య ఉంటుంది. అది ఎన్నడూ బయటికి రాదు. మిషన్ పంపిన మొత్తం, తేదీ, అప్పటికప్పుడు పుట్టించిన ఒక సంఖ్య, ఇది ఎన్నో చెల్లింపో తన సొంత లెక్క, వీటన్నిటినీ ఆ రహస్యంతో కలిపి చిప్పు ఎనిమిది బైట్ల ముద్ర వేస్తుంది. ఆ ముద్ర ఆ ఒక్క చెల్లింపుకే. దారిలో దొంగిలించి రేపు మళ్లీ చూపిస్తే బ్యాంకు ఒప్పుకోదు.

మంచి పనిలోనూ అతుకు విడిచే చోటు ఉంటుంది, దాన్ని దాచకూడదు. 2020లో జ్యూరిచ్ పరిశోధకులు రెండు ఫోన్లను మధ్యలో పెట్టి, వీసా కార్డుల మీద పిన్ను అడగాల్సిన పెద్ద మొత్తాన్ని కూడా పిన్ను లేకుండా దాటించి చూపారు. కార్డు పంపే ఒక చిన్న సమాచారం ఆ ముద్ర కిందికి రాలేదు, దాన్ని దారిలో మార్చేశారు. కార్డు నంబరు, గడువు తేదీ కూడా దగ్గరికొస్తే ఫోన్‌తోనే చదవొచ్చు. వెనక ఉండే మూడంకెలు మాత్రం చిప్పు చెప్పదు.

చిప్పు ఆపలేని చోట రిజర్వ్ బ్యాంకు నియమాలు పని మొదలుపెట్టాయి. ఆ కూర్పు కూడా అంతే శ్రద్ధగా జరిగింది. పిన్ను లేకుండా 2,000 రూపాయల వరకే అని 2015లో గీత గీశారు, 2021 జనవరి 1 నుంచి 5,000 చేశారు. రోజుకు ఎన్నిసార్లు ఒప్పుకోవాలో బ్యాంకులు కట్టడి పెట్టుకోవచ్చు. 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డు చేతికొచ్చేసరికి ఆనించే దారి, ఆన్‌లైన్ దారి, విదేశాల దారి మూడూ మూసే ఉంటాయి. మనం కావాలంటేనే తెరుచుకుంటాయి, పరిమితి కూడా మనమే పెట్టుకోవచ్చు. కార్డు పోయిందని బ్యాంకుకు చెప్పాక జరిగే నష్టం బ్యాంకుదేనని 2017 జులైలో రాసిపెట్టారు.

మిగిలినది మన చేతి పని. మిషన్ మీద అంకె చూశాకే ఆనించాలి. 500 బదులు 5,000 పడితే ఏ ముద్రా ఆపదు, అది మనం ఒప్పుకున్న మొత్తమే అవుతుంది. కార్డు ఇంకొకరి చేతికి ఇవ్వనక్కర్లేదు, మిషన్‌నే మన దగ్గరికి తెమ్మనవచ్చు. డబ్బు పడినట్టు వచ్చే మెసేజీ చదవకుండా తుడిచేయకూడదు.

ఆ పెద్దావిడ మళ్లీ కనబడితే చెప్పే జవాబు ఇప్పుడు నా దగ్గర ఉంది. "అమ్మా, మీ భయం సరైనదే. ఆ కార్డు చేసినవాళ్లూ ముందు ఇదే ప్రశ్న వేసుకున్నారు. మీరు ఏటీఎంలో పెట్టి పిన్ను కొట్టి డబ్బు తీసుకునేవారైతే ఆనించే దారి తెరవనే వద్దు. తెరిచి ఉందేమో అనిపిస్తే బ్యాంకులో ఒక మాట చెప్పండి, మూసేస్తారు. కార్డు పోతే మాత్రం మర్నాటి దాకా ఆగకండి, ఆ క్షణమే ఫోన్ చెయ్యండి."

నా కార్డులో తెరిచే ఉంచాను, వెయ్యి రూపాయల వరకు. బండిలో పెట్రోలుకు అది చాలు.