‘భ్రూణహత్య’ - ఒక పదవిచారము

ఇటీవలి వ్యాసములందు గర్భస్రావమును గూర్చి వ్రాయునపుడు ‘భ్రూణహత్య’ యను పదమును విచక్షణ లేక ప్రయోగించుట కానవచ్చుచున్నది. ఇది కేవల శబ్దదోషము కాదనియు, విషయనిర్ణయమునే తారుమారు చేయు దోషమనియు మా యభిప్రాయము.

ధర్మశాస్త్రములందు భ్రూణహత్య ఘోరపాపములలో గణింపబడినది. భ్రూణశబ్దమునకు గర్భస్థశిశువను నర్థమే కాక, వేదవిదుడైన బ్రాహ్మణుడను నర్థమును గలదు. కావున నా పదము మొదటినుండియు పాపవాచకమే. 1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు వితంతువివాహమును సమర్థించుచు, తన్నిషేధమువలని యనర్థములలో భ్రూణహత్య నొకదానిగ పేర్కొనెను. అచట నింద యాచారమునకు. నేటి వ్యాసములలో నది స్త్రీకి తగులుచున్నది.

చట్టచరిత్ర మరియొక విషయమును తెలుపును. 1860 నాటి శిక్షాస్మృతి 312వ సెక్షను ప్రకారము, తల్లి ప్రాణరక్షణకై సద్బుద్ధితో చేసినది తప్ప, గర్భస్రావము చేయించుట నేరము. శాంతిలాల్ షా సంఘము 1966లో నివేదిక నొసగెను. 1971 నాటి చట్టము 1972 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను. 2021 సవరణము ‘వివాహితస్త్రీ, భర్త’ యను మాటలకు బదులు ‘స్త్రీ, భాగస్వామి’ యను మాటలను చేర్చి, కొన్ని వర్గములవారికి గడువును 20 నుండి 24 వారములకు పెంచెను. 2022లో సుప్రీంకోర్టు అవివాహితల కా గడువును వర్తింపజేసెను. అయినను మూలనేరము తొలగలేదు. 2024 జూలై 1 నుండి అది న్యాయసంహితలో 88వ సెక్షనుగ నున్నది. చట్ట మొసగినది మినహాయింపే. నిర్ణయమునకు వైద్యుని యభిప్రాయము కావలయును. వైద్యుడు దొరకని యూరి స్త్రీకి ఆ మినహాయింపు కాగితముపైని మాటయే.

2015లో దేశమున 1 కోటి 56 లక్షల గర్భస్రావములు జరిగినవని యొక అంచనా. అందు వైద్యశాలలలో జరిగినవి నూటికి 22. వైద్యశాలల వెలుపల మాత్రలతో జరిగినవి 73. ఇతర పద్ధతులవి 5. సరియైన మోతాదులో, సకాలమున వాడిన మాత్రలు అపాయకరములు కావు. అపాయమెల్ల, చెప్పువారు లేకుండుటయందును, రక్తస్రావ మధికమైనపుడు చేరదగిన ఆసుపత్రి లేకుండుటయందును గలదు. అసమానత్వమున కిదియే స్థానము.

ఆడుశిశువని తెలిసి చేయించు గర్భస్రావమున కీ పదము తగునని కొంద రందురు. 1994 నాటి చట్టము నిషేధించినది లింగనిర్ధారణమును. ఆ నేరమును, 1971 చట్టము అనుమతించిన చికిత్సను ఒకే పదముతో చెప్పిన, చికిత్స కోరు స్త్రీకి జంకును, చేయు వైద్యునికి సంకోచమును కలుగును.

ఆయుర్వేదము నాలుగవ మాసము వరకు స్రావమనియు, పిదప పాతమనియు కాలమును బట్టి విభజించెను. మన పల్లెస్త్రీలు ‘కడుపు పోయినది’, ‘కడుపు తీయించుకొనినది’ యని, తనంత జరిగినదానిని, కోరి చేయించుకొనినదానిని వేరుపరతురు. ఆ రెంటను పాపస్పర్శ లేదు. పండితులు పోగొట్టుకొనిన వివేచనను ఇంటిమాట నిలుపుకొనినది. పరిశోధకులు మొదటిదానికి ‘గర్భస్రావము’ను, రెండవదానికి ‘గర్భవిచ్ఛిత్తి’ని వాడుట మేలు. ‘హత్య’ యను తీర్పు మన శీర్షికలలో ముందే యున్నచో, ఆ స్త్రీ ఆసుపత్రి మెట్టెక్కుటకు వెనుదీయుటలో మన కలమునకును పాలు గలదు.