అవ్వ మాట, మనవడి పాట: 2024 ర్యాపులో మాకు నచ్చినవి

2024లో వచ్చిన ర్యాపులో మాకు నచ్చిన కొన్నింటిని ఇక్కడ పరిచయం చేస్తున్నాం. గిరిజన రచయితల పుస్తకంలో ర్యాపు ఎందుకని పెద్దలు అడగవచ్చు. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం హాస్టళ్లలో చదివే మన పిల్లలు చాలామంది సెల్‌ఫోన్లలో వింటున్నది అదే. వాళ్లు వినేదాని గురించి మనం మాట్లాడకపోతే, మంచీ చెడూ చెప్పే పని కూడా ఆ సెల్‌ఫోనే చేస్తుంది.

ర్యాపు డబ్బున్నవాళ్ల ఇళ్లలో పుట్టలేదు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవడానికి సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక పార్టీ పెట్టింది. ఆమె అన్న కూల్ హెర్క్ అక్కడ రికార్డులు తిప్పాడు. జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబం వాళ్లది. హిప్‌హాప్ పుట్టుక కథ ఇక్కడే మొదలవుతుంది. అందుకే మేము పెట్టుకున్న కొలత ఒక్కటే: పాడే మనిషి తన వాళ్ల మాటను తన నోటితో పలికారా, లేక అరువు తెచ్చుకున్నారా?

ఆ కొలతతో చూస్తే మా మొదటి ఎంపిక తమిళ కవి అరివు చేసిన ‘వల్లియమ్మ పేరాండి’. అంటే వల్లియమ్మ మనవడు అని. శ్రీలంక తేయాకు తోటల్లో కూలి చేసి తిరిగొచ్చిన తన అవ్వ పేరునే అరివు ఆల్బమ్‌కు పెట్టుకున్నాడు. 2021లో వచ్చిన ‘ఎంజాయ్ ఎంజామి’ మీలో చాలామంది వినే ఉంటారు. దాని వెనక ఉన్నదీ ఆ అవ్వ కథే. చావు దగ్గర ఏడ్చే పాట బాణీని అతను సిగ్గుపడి దాచలేదు, పాట మధ్యలోకి తెచ్చి నిలబెట్టాడు. మన దగ్గర సుగాలి తండాల్లో పెళ్లికూతురు అత్తింటికి పోతూ పాడే ఢావ్లో ఉంది. అందులోని దుఃఖాన్ని బీటు మీదికి తెచ్చిన పాట మాకింకా వినబడలేదు. చదువుకున్న మనవడు అవ్వ మాటను ఎట్లా మోయాలో నేర్చుకోవడానికి అరివు పాటలు మంచి పాఠం.

ఇంకో పాఠమూ ఉంది. ‘ఎంజాయ్ ఎంజామి’ని కోట్లమంది విన్నారు. కానీ ఆ పాట నుంచి తమకెవరికీ పైసా రాలేదని సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ 2024 మార్చిలో బహిరంగంగానే చెప్పాడు. అంతకుముందు 2021లో ఒక సంగీత పత్రిక ముఖచిత్రం మీద అరివు బొమ్మ లేకపోవడంపై దర్శకుడు పా. రంజిత్ నిలదీశాడు. పాటకు పేరు రావడం వేరు, పాడినవాడికి పేరూ కూలీ రావడం వేరు. అడవిలో తేనె తీసేవాళ్లం, సంతలో దాని ధర వేరేవాళ్లు చెప్పడం చూసినవాళ్లం, ఈ సంగతి మనకు విడమరచి చెప్పనక్కర్లేదు.

రెండో ఎంపిక కెనడా నుంచి. హైస్లా అనే ఆదివాసీ జాతికి చెందిన ఇద్దరు కుర్రాళ్లు ‘స్నాటీ నోజ్ రెజ్ కిడ్స్’ పేరుతో పాడతారు. ముక్కు కారుతుండే రిజర్వు పిల్లలు అని దాని అర్థం. తమను వెక్కిరించే మాటనే వాళ్లు జెండా చేసుకున్నారు. 2024లో వచ్చిన వాళ్ల ఆల్బమ్ ‘రెడ్ ఫ్యూచర్’ పేరులోనే రేపటి మాట ఉంది. ఆదివాసీ అంటే మ్యూజియంలో పెట్టిన నిన్నటి బొమ్మ కాదని, రేపటి రోజూ తమదేనని వాళ్లు నమ్ముతారు. మన పాఠ్యపుస్తకాల్లో చెంచు అంటే విల్లంబుల బొమ్మ ఒకటే కనిపిస్తుంది. పాలుట్ల గూడెం పిల్ల ఇంజినీరై, నర్సై, టీచరై ఉండే బొమ్మ కూడా కావాలి. మా కుర్రాళ్లు ఈ ఆల్బమ్ వినాలని కోరుకునేది ఇందుకే.

మూడోది డోయిచీ అనే అమ్మాయి పాటలు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం, టాంపా ఆమె ఊరు. అక్కడి చిత్తడి నేలలు, మొసళ్లు ఆమె పాటల్లోకి నేరుగా వచ్చేశాయి. ‘అలిగేటర్ బైట్స్ నెవర్ హీల్’ 2024 ఆగస్టు 30న విడుదలైంది. 2025లో ఉత్తమ ర్యాప్ ఆల్బమ్‌గా గ్రామీ అందుకుంది. ఆ బహుమతి పొందిన ఆడవాళ్లలో ఆమె మూడోది. ఒక పాటలో ఆమె తన మనసుతో తానే సంభాషిస్తుంది. అడిగేదీ ఆమే, బుకాయించేదీ ఆమే. ఈ పద్ధతి మన ఆడపిల్లలు తరగతిలో తేలిగ్గా చేయగలిగింది. కొన్ని మాటలు పిల్లల ముందు వినిపించేవి కావు, టీచర్లు ముందుగా విని ఎంచుకోవాలి.

కెండ్రిక్ లామార్‌ను వదలలేం. డ్రేక్‌తో పోటీలో మే నెలలో వచ్చిన ‘నాట్ లైక్ అస్’ ఆ ఏడాది ప్రపంచమంతా మోగింది. బీటు గొప్పది, పలుకు కత్తి. అయినా ఒక మనిషిని ఊరంతా కలిసి తిట్టే పాట అది. మన పిల్లలు దాని నుంచి ఊపు కంటే ముందు తిట్టే నేర్చుకుంటారేమోనని మా భయం. నవంబరులో చెప్పాపెట్టకుండా విడుదల చేసిన ‘జీఎన్‌ఎక్స్’ మాకు ఎక్కువ నచ్చింది. తనంత పేరు లేని లాస్ ఏంజెలెస్ కుర్రాళ్లకు అతను అందులో చోటిచ్చాడు. పైకెక్కినవాడు నిచ్చెన లాగేసుకోకపోవడం మెచ్చుకోదగ్గది.

ఇక ‘బిగ్ డాగ్స్’. కేరళకు చెందిన హనుమాన్‌కైండ్ పాడాడు, బీటు కట్టిన కల్మి హైదరాబాదువాడు. అమెరికా బిల్‌బోర్డు జాబితాలో 23వ స్థానం దాకా వెళ్లింది. జాతరలో మృత్యుకూపంలో మోటారు సైకిళ్లు తిరిగే వీడియో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. మార్కాపురం ఎగ్జిబిషన్లలో అది చూసినవాళ్లకు తెలిసిన దృశ్యమే. కానీ మాట ఇంగ్లీషు, యాస అమెరికాది. ప్రాణాలకు తెగించి బండి నడిపే మనుషులు కనిపిస్తారు తప్ప, వాళ్ల బతుకు మాటల్లో వినిపించదు. చెవికి పూర్తి మార్కులు, మాటకు సగమే ఇస్తాం.

తెలుగులోనూ ర్యాపు ఉంది. రోల్ రైడా పాటల్లో హైదరాబాదు గల్లీ భాష బాగా పలికింది. అయితే మేము విన్నంతలో పశ్చిమ ప్రకాశం యాస ఎక్కడా లేదు. చెంచుల తెలుగు లేదు, ఎరుకల భాష లేదు, సుగాలీల గోర్‌బోలి లేదు. బడిలో నోరు తెరిస్తే నవ్వుతారని మన పిల్లలు దాచుకునే మాటలివి. ర్యాపుకు కావలసింది సరిగ్గా ఆ మాటే. పుస్తక భాష అక్కడ చప్పగా ఉంటుంది. లయ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు కూడా. ఎరుక చెప్పే అవ్వ గుక్క తిప్పుకోకుండా సోది చెబుతుంటే అందులో తాళం ఉంది, ఎదుటి మనిషిని నిలబెట్టి మాట్లాడటం ఉంది.

చెప్పాల్సిన సంగతులకూ కొదవ లేదు. ఫ్లోరైడు నీళ్లు, కూలి కోసం గుంటూరు వైపు వలసలు, వెలిగొండ కోసం ఖాళీ అయ్యే ఊళ్లు, పులుల అభయారణ్యంలో మనిషికి చోటెంత అన్న ప్రశ్న. వీటి మీద వ్యాసాలు రాశాం, వినతిపత్రాలు ఇచ్చాం. పదహారేళ్ల పిల్లలు తమ గొంతుతో చెబితే మరోలా వినిపిస్తుంది.

టీచర్లకు మా మనవి చిన్నది. నెలకో గంట పిల్లలను ఇంటి భాషలో రాయనివ్వండి, తప్పులు దిద్దకండి. బెంచీ మీద దరువు వేస్తుంటే చదవనివ్వండి. అవ్వను అడిగి తెచ్చిన మాట ఉంటే, ఆ అవ్వ పేరు పాట కింద రాయించండి. ఒకప్పుడు తెలుగునాట ఎంతోమంది పిల్లలు మార్కాపురం పలక మీదే అక్షరాలు దిద్దారు. ఆ పలక మీద గూడెం మాట, తండా మాట రాయడం ఇప్పటికైనా మొదలుపెడదాం. వచ్చే సంచికలో మా ఎంపికల్లో కనీసం ఒకటి మన పిల్లలది కావాలి.