పాత బాణీ - కొత్త మాట

ఒకసారి రికార్డయిన పాటను, యజమాని అనుమతి లేకున్నా, మళ్లీ పాడి రికార్డు చేసే వీలు 2012 సవరణతో కాపీరైట్ చట్టంలోని 31సి సెక్షన్ ఇచ్చింది. తొలి రికార్డు చేసిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు ఆగాలి, నోటీసివ్వాలి, మామూలుగా ఏటా కనీసం 50,000 ప్రతులకు రాయల్టీ ముందే కట్టాలి. కవికీ, స్వరకర్తకూ శ్రమఫలం దక్కాలనడంలో నాకు పేచీ లేదు. పేచీ అంతా మరో షరతుతోనే. సాంకేతికంగా తప్పనిది తప్ప, యజమాని ఒప్పుకోని మార్పేదీ మాటలోగానీ బాణీలోగానీ చేయరాదు!

పాత బాణీకి కొత్త మాట కట్టడమే ప్రజాకళల సంప్రదాయం. తెలంగాణా సాయుధ పోరాటం ఉయ్యాల పాటల్లో, గొల్లసుద్దుల్లో పలికింది అలాగే. జానపదుల వరసను సినిమా ఎత్తుకుపోతే అడిగే దిక్కులేదు. అదే సినిమా వరసలో కూలివాడు తన బాధ చెప్పుకొని రికార్డు చేస్తే మాత్రం అనుమతి కావాలి. అనుకరణకు తలుపు తెరిచి సృజనకు తాళం వేసే చట్టం ఎవరి పక్షమో వేరే చెప్పాలా?