ఊరు విడిచినా పేరు విడవలేదు

చిత్రావతి ఒడ్డున ఒకప్పుడు గొల్లపల్లి అనే ఊరుండేదట. పాడికి కొదవలేని ఊరు. అక్కడ ఒక గొల్లవాడి ఆవు మేతకు పోయి రోజూ ఒట్టి పొదుగుతో తిరిగి వస్తుంటే, అతనికి అనుమానం పుట్టి వెనకాలే వెళ్లాడు. ఆవు ఒక పుట్ట దగ్గర ఆగింది. పుట్టలోంచి నాగుపాము వచ్చి పొదుగు పట్టి పాలు తాగింది. ఆగ్రహంతో అతడు బండరాయి ఎత్తి వేశాడు. చనిపోతూ పాము శాపం పెట్టింది. మందలు తరిగిపోయాయి, ఊరంతా పుట్టలు లేచాయి, గొల్లపల్లి పుట్టపర్తి అయింది. పామును చంపిన ఆ రాయినే ఊరివాళ్లు గుడిలో నిలిపి గోపాలస్వామిగా కొలిచారు.

ఇది ఊరి పేరు కథ. ఆ ఊరి పేరు ఒక వంశానికి ఇంటిపేరు కావడం దానికి కొనసాగింపు. 'శివతాండవం' కర్త పుట్టపర్తి నారాయణాచార్యులు 1914లో పుట్టింది అనంతపురం దగ్గరి చియ్యేడులో. ఆయన పూర్వీకుల ఇంటిపేరు తిరుమలవారు. విజయనగర రాజులకు గురువులైన తాతాచార్యుల వంశం తమదని ఆ కుటుంబం చెప్పుకుంది. చిత్రావతి తీరాన ఉన్న తరాల వల్ల 'పుట్టపర్తి' వచ్చి చేరింది. తర్వాత కుటుంబం ఎక్కడ స్థిరపడినా ఆ పేరు వెంట నడిచింది. ఆచార్యులు పేరు తెచ్చుకున్నది కడపలో, తెలుగు దేశమంతటా ఆయన్ను పిలిచింది మాత్రం పుట్టపర్తివారు అనే.

మన ఇంటిపేర్లలో ఊళ్ల పేర్లే ఎక్కువ కనిపించడానికి కారణం ఇదే. ఊళ్లో ఉన్నంతకాలం ఎవరినీ ఆ ఊరి పేరుతో పిలవాల్సిన పని లేదు. పొలిమేర దాటినప్పుడే ఆ పేరు అవసరమవుతుంది. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురంలో పొలిమేర దాటడం తరతరాల అనుభవం. 1876–78 నాటి ధాత కరువు లాంటివి కుటుంబాలకు కుటుంబాలనే కదిలించాయి. బతుకుతెరువు, కొలువు, చదువు మరికొందరిని కదిలించాయి. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో నాటకం ఆడించినా ధర్మవరం వారే. ఆయన మేనల్లుడు 1880లో తాడిపత్రిలో పుట్టిన తాడిపత్రి రాఘవాచార్యులు. బళ్లారి రంగస్థలం ఆయన్ను ఎంతగా తనవాడిని చేసుకుందంటే, లోకానికి ఆయన బళ్లారి రాఘవ. ఒకే కుటుంబంలో రెండు తరాలు చూస్తే చాలు, పేరు ఎలా నిలుస్తుందో, ఎలా మారుతుందో తెలుస్తుంది.

అయితే ఊరి పేరు ఒక్కటే కథ కాదు. ఇంటిపేరు పుట్టుక కథలకు ఒక కట్టుబడి ఉంది. ముందు ఒక ఆపద వస్తుంది. తర్వాత ఒక చెట్టో, జంతువో, మనిషో ఆదుకోవడమో, బలికావడమో జరుగుతుంది. దాంతో ఆ ఇంటి మీద ఒక రుణం పడుతుంది. ఆ రుణం పేరై నిలుస్తుంది. చివర ఒక నియమం చేరుతుంది: ఫలానా చెట్టు కొట్టకూడదు, ఫలానా గింజ తినకూడదు, ఫలానా ఇంటితో వియ్యమందకూడదు. చెట్టు, ధాన్యం, జంతువు పేర్లున్న వంశాల్లో ఇలాంటి కట్టుబాట్లను ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువడిన తన కులాల గ్రంథాల్లో నమోదు చేశాడు. చదువు రాని ఇంట్లో కూడా కథ చెదరకుండా ఉండటానికి ఈ నియమమే ఆధారం. కథ మరిచినా ఆచారం మిగులుతుంది. ఆచారం ఎందుకని పిల్లలు అడిగితే కథ మళ్లీ మొదలవుతుంది.

ఈ కట్టుబడికి గొప్ప ఉదాహరణ రేచర్ల కథ. వెలుగోటివారి వంశావళి ప్రకారం ఆమనగల్లులో ఆ వంశ మూలపురుషుడు చెవ్విరెడ్డికి నిక్షేపం ఎదురైంది. అది చేతికి రావాలంటే నరబలి కావాలి. పొలంలో పనిచేసే రేచడు అనే దళితుడు తానే బలికి సిద్ధపడ్డాడు. వంశం తన పేరు మీద నిలవాలని మాత్రం కోరాడు. అలా రేచర్ల గోత్రం ఏర్పడింది. రాజ్యాలేలిన పద్మనాయక ప్రభువుల గోత్రానికి మూలం ఒక కూలివాడి పేరని ఆ వంశ చరిత్రే చెబుతోంది. ఈ కథలోని సంఘటన జరిగిందా లేదా అన్నది చరిత్రకారుల పని. కానీ సంపద ఎవరి ప్రాణం మీద నిలిచిందో ప్రభువుల ఇంటి చరిత్రలోనే నమోదు కావడం చిన్న విషయం కాదు. ఏ శాసనమూ అంత సూటిగా ఒప్పుకోదు.

ఇలాంటి కథలను మోసిన గొంతులు వేరే ఉన్నాయి. కాపు, రెడ్డి ఇళ్ల గోత్రాలూ ఇంటిపేర్లూ వల్లించేవారు పిచ్చకుంట్లవారు. నడవలేని తమ్ముణ్ణి అన్నలు పోషించాలనీ, బదులుగా అతడు వాళ్ల వంశాన్ని పాడాలనీ కుదిరిన ఒప్పందమే తమ వృత్తికి మూలమని వాళ్ల పుట్టుక కథ. తర్వాతి కాలంలో ప్రభుత్వ జాబితాలో వారికి వంశరాజ్ అనే పేరు కూడా చేరింది. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు ఇదే పని చేశారు. రాజాస్థానాల్లో వంశకీర్తన భట్రాజులది. పుట్టపర్తిలో 1926లో సత్యసాయిబాబా పుట్టిన రత్నాకరంవారి ఇల్లు ఆ భట్రాజు సమాజానిదే. 19వ శతాబ్దం తొలి ఏళ్లలో సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, వారి సహాయకులు ఊరూరా కైఫియత్తులు, అంటే స్థానిక చరిత్రలు, రాయించినప్పుడు ఇలాంటి నోటి మాటలే కాగితం మీదికి ఎక్కాయి.

ఊరు విడిచినవాళ్లు ప్రపంచమంతటా ఇలాగే పేరునూ దాని కథనూ వెంట తీసుకెళ్లారు. ఉత్తర చైనా నుంచి తరతరాలుగా దక్షిణానికి వలస వచ్చిన హక్కాలు అందుకు సాక్షి. కలకత్తా టాంగ్రాలో తోళ్ల పరిశ్రమ నడిపిన చైనీయుల్లో ఎక్కువమంది వాళ్లే. మనలాగే వాళ్లకూ ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఒకే ఇంటిపేరువాళ్ల మధ్య పెళ్లిళ్లు కూడవన్నది వాళ్ల పాత కట్టుబాటు కూడా. వాళ్ల ఇంటిపేర్లలో ఒకటైన లిన్ అంటే అడవి. ప్రాచీన చైనాలో షాంగ్ వంశపు రాజు చేతిలో హతుడైన మంత్రి బీగాన్ భార్య గర్భిణిగా అడవిలోకి పారిపోయి అక్కడే కొడుకును కన్నదనీ, తర్వాత వచ్చిన జౌ వంశపు రాజు ఆ బిడ్డకు లిన్ అనే ఇంటిపేరు ఇచ్చాడనీ కథ. ఆపద, ఆదుకున్న అడవి, పేరు: అదే కట్టుబడి. హక్కా ఇళ్లలో గుమ్మం పైన వంశ మందిరం పేరు రాస్తారు. లిన్ ఇంటివాళ్లు రాసుకునేది 'పడమటి నది' అని, తమ పూర్వీకుల సీమ పేరు. ఆ నదిని చూడని తరాలు కూడా ఆ గుమ్మం కిందనే పెరిగాయి.

మనకు గుమ్మం మీద రాత లేదు. నోటి మాటే ఉంది, అది ఇప్పుడు తెగిపోతోంది. బడి హాజరు పట్టీలో, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక్క అక్షరమై కూర్చుంది. వంశాలు వల్లించేవారి పిల్లలు వేరే పనులు వెతుక్కున్నారు. వాళ్లకు మనం పెట్టే భిక్ష ఆగిపోయింది, మర్యాద మాత్రం మొదలు కాలేదు.

కాబట్టి చేయాల్సింది తేలికైన పని, ఆలస్యం కూడని పని. ఇంట్లో పెద్దవాళ్లున్నప్పుడే అడగండి: మన పేరు ఏ ఊరిది, ఆ ఊరు ఎందుకు విడిచాం, దారిలో ఎవరు ఆదుకున్నారు, మన ఇంట్లో చేయకూడని పని ఏమిటి? చెప్పినదాన్ని చెప్పినట్టే, వాళ్ల యాసలోనే రాసి పెట్టండి. పొంతన కుదరని రెండు కథలు వస్తే రెండూ రాయండి. మన వంశం పాడినవాళ్ల పేర్లు కూడా రాయండి. వంశ గర్వం కోసమైతే ఈ శ్రమ అక్కర్లేదు. ఏ ఇల్లూ ఒంటరిగా నిలబడలేదనీ, ప్రతి పేరు కిందా మరొకరికి పడ్డ రుణం ఉందనీ పిల్లలకు తెలియాలి. ఆ తెలివి ఇచ్చే చరిత్ర పాఠం మన ఇంటిపేరులోనే ఉంది.