లైనర్ కింది తుప్పు

దల్లీ-రాజహరా గనుల ఖనిజానిదీ, మా భిలాయ్ క్వార్టర్ల గేట్లకు పట్టే తుప్పుదీ దాదాపు ఒకే రంగు. రెండూ ఇనుమూ ఆక్సిజనూ కలిసినవే. తుప్పులో నీరు కూడా ఉంటుంది. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయ్ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆనాటి నుంచి ఇక్కడి కొలుములు చేస్తున్న పని, కోక్ సాయంతో ఇనుము నుంచి ఆక్సిజన్‌ను విడదీయడమే. మళ్లీ కలవడానికి వాటికి ఏ వేడీ అక్కర్లేదు. తడి ఉంటే చాలు.

అందుకే వానలకు ముందే గేటు గీకుతాను. వైర్ బ్రష్, ఎమరీ కాగితం, ఆపైన రెడాక్సైడ్. రంగు వేయడానికి ఇంట్లో అందరూ ముందుకొస్తారు, గీకడానికి ఎవరికీ ఓపిక ఉండదు. కానీ అసలు పని గీకడమే.

ఇనుము మీద నీటిబొట్టు నిలిచిందనుకోండి. అంచుల్లో గాలి బాగా అందుతుంది, నడుమ అంతగా అందదు. గాలి తగిలే చోటే తుప్పు లోహాన్ని తినేస్తుందని మనం అనుకుంటాం. జరిగేది అందుకు విరుద్ధం. గాలి అందని నడిమి భాగంలో ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి నీటిలో కరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండానే అంచుకు చేరి ఆక్సిజన్‌కు అందుతాయి. గుంట పడేది ఒకచోట, తుప్పు పేరుకునేది దాని పక్కన. కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్స్ అనే శాస్త్రవేత్త 1920లలో ఉప్పునీటి బొట్టుతో దీన్ని కళ్లకు కట్టినట్టు చూపాడు. ఉప్పు ఉంటే నీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది, పని వేగమవుతుంది. అల్యూమినియం ఆక్సైడ్ పొరలా ఇనుప తుప్పు అంటిపెట్టుకుని కాపాడదు. గుల్లగా ఉండి తడిని దాచుకుంటుంది. దానిమీద రంగు పూస్తే తడిని లోపల పెట్టి మూత వేసినట్టే.

ఇది గేటుతో ఆగే సంగతి కాదు. మా ఊళ్లో తయారైన రైలు పట్టాలు దేశమంతా పరుచుకున్నాయి. పట్టాను స్లీపర్‌కు బిగించే క్లిప్పు కింద లైనర్ అనే చిన్న ముక్క ఉంటుంది. దాని కింద, పట్టా అడుగున వెడల్పుగా ఉండే పాదం మీద, తడి చేరితే ఆరదు, గాలి సరిగా ఆడదు. సముద్రపు గాలి తగిలే దారుల్లోనూ, బోగీల మరుగుదొడ్ల నీరు పడిన దారుల్లోనూ పాదం అక్కడే సన్నబడుతుంది. రాగి, నికెల్, క్రోమియం కొద్దిగా కలిపి తుప్పును తట్టుకునే పట్టాలను భిలాయ్ తయారుచేసింది. బయో టాయిలెట్లు వచ్చాక ఒక బెడద తగ్గింది. ఉప్పుగాలిని మాత్రం ఎవరూ ఆపలేరు.

అక్కడ పట్టాను నిలబెట్టేది ట్రాక్‌మన్ చేతి పనే. క్లిప్పు విప్పి, లైనర్ తీసి, తుప్పు గీకి, తారు రంగు పూసి, గ్రీజు పెట్టి మళ్లీ బిగించాలి. మా ఊరికి వచ్చినవాళ్లు 260 మీటర్ల పట్టా పొడవు గురించి విని అబ్బురపడతారు, మేమూ గర్వంగానే చెబుతాం. ఆ పట్టాను చివరిదాకా కాచే మనుషుల గురించి కూడా అంతే గర్వంగా చెప్పాలని నా కోరిక. పైనుంచి చూస్తే పట్టా నున్నగా మెరుస్తూనే ఉంటుంది. పాదం ఎంత అరిగిందో లైనర్ తీసినవాడికే కనబడుతుంది. ఆ తీసే పనికి సరిపడా మనుషులనూ, రెండు రైళ్ల మధ్య తగినంత వ్యవధినీ ఇవ్వాలి.