గ్రంథపాలకుల పనితనం

పాఠాలన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్న రోజుల్లోనూ అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్లు నడుస్తూనే ఉన్నాయి. పక్కన మరొకరు చదువుతుంటే మన చదువూ సాగుతుంది మరి. గ్రంథపాలకులకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. హైదరాబాద్‌లో 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుస్తకాలు దాచడంతో ఆగలేదు, సభలకూ వేదికైంది. స్టాంపు వేసి పుస్తకం ఇవ్వడం ఈ వృత్తిలో చిన్న భాగమే. బొమ్మల కథల అర దగ్గర తచ్చాడే పిల్లకు ఏది అందించాలో, పొద్దున్నే పేపరు కోసం వచ్చే పెద్దాయన్ని ఏ చర్చలో కూర్చోబెట్టాలో పోల్చుకోవడమే అసలు విద్య. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఆ నేర్పు కొంత కనిపిస్తుంది. వారం గడిస్తే మరుగున పడుతుంది, అదే బాధ. కలిసి చదివే పఠన బృందాలు నడిపితే అది ఏడాది పొడవునా నిలుస్తుంది.

రీడింగ్ రూములు పోటీ పరీక్షల అభ్యర్థులతో నిండిపోతుంటే కథలు చదువుకునే బృందాలకు చోటెక్కడ అని అడగవచ్చు. నిజమే, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం నిండా వాళ్లే. వాళ్లను కదిలించనక్కర్లేదు, వేళలు సర్దితే చాలు. పైగా పరీక్ష ముగిశాక కూడా వాళ్లు పాఠకులుగా మిగలాలంటే అలాంటి బృందాలే దారి. ఆస్తిపన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. కాబట్టి అమీర్‌పేట, పంజాగుట్ట వాసులారా, వారానికొక సాయంత్రం పఠన బృందానికి కేటాయించమని మీ దగ్గరి గ్రంథపాలకుణ్ణి అడగండి.